ఐగుప్తు మేడమ్‌ని నవ్వనివ్వకూడదు

నాకు అప్పగించిన డ్యూటీ వినడానికి చాలా తేలిగ్గా ఉంటుంది. ఒక మనిషిని కదలకుండా పడుకోబెట్టాలి. అంతే. పురిటి నొప్పులతో మంచం పట్టెలు ఊడబీకేవాళ్ళని చూశాను. మత్తు దిగుతూ నోటికొచ్చిన బూతులు తిట్టే మగవాళ్ళని చూశాను. ఇంజెక్షను సూది చూసి కిటికీ ఎక్కబోయిన ఆరడుగుల పోలీసాయన్ని కూడా చూశాను. వాళ్ళందరూ ఒక ఎత్తు, ఈవిడ ఒక్కతీ ఒక ఎత్తు.

అప్పటికి నేను ఒమన్ దేశంలోని సలాలా వచ్చి ఏడాది దాటింది. డెబ్బైల చివర అది. మా అక్క అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఎనిమిదో తరగతి తప్పి, కుట్టుమిషను నేర్చుకుంటానని చెప్పి అదీ నేర్చుకోకుండా ఇంట్లో కూర్చున్న నన్ను అక్కే వీసా తెప్పించి ఆయాగా పెట్టించింది. "ఇక్కడైతే నోరు ఊరుకోకపోయినా చేతులకైనా పనుంటుంది" అంది. ఎడారి అని భయపడుతూ వచ్చినదాన్ని, కొబ్బరి తోటలూ అరటి తోటలూ చూసి మా కోనసీమలోనే దిగానేమో అనుకున్నాను. పైగా ఖరీఫ్ అని వాళ్ళకొక కాలం ఉంది. మూడు నెలలు ఒకటే తుంపర. బట్టలు ఆరవు, గోడలకి చెమ్మ, ఊరంతా దగ్గు. సరిగ్గా ఆ దగ్గుల కాలంలోనే మేడమ్‌కి కంటి ఆపరేషన్ చేశారు.

మేడమ్ ఇంగ్లీషావిడ. అరవైకి దగ్గర్లో ఉంటుంది. భర్త రైసూత్ పోర్టులో ఇంజనీరు. ఆయన పొద్దున్నే పోర్టుకి పోతే, ఈవిడ రెండు ట్రంకుపెట్టెల ఫోటోలు ముందేసుకుని భూతద్దంతో కూర్చునేదట. మనుషుల ఫోటోలు కావు, కాగితాల ఫోటోలు. మా బైబిల్లో ఐగుప్తు అనే ఈజిప్టు దేశాన్ని గ్రీకు వాళ్ళూ, తర్వాత రోము వాళ్ళూ ఏలిన రోజుల్లో మామూలు మనుషులు రాసుకున్న కాగితాలు. రెండు వేల ఏళ్ళ కిందటివి. వాటిని చదివీ చదివీ ఈవిడ కళ్ళు పాడుచేసుకుంది. నేనలా అంటే డాక్టరుగారు కాదన్నారు. శుక్లాలు వయసుకొస్తాయమ్మా, చదివితే రావన్నారు. ఏమో, నాకిప్పటికీ నమ్మకం లేదు.

ఒక కన్ను ముందే పోయింది. వాళ్ళ దేశంలో ఆపరేషన్ చేయించుకుని, కట్టు విప్పకముందే మంచం మీంచి వంగి, కింద పడిన ఫోటో ఏదో తడుముకోబోయిందట. కుట్టు ఊడింది, కన్ను పోయింది. ఇక మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే మొత్తం చీకటే. అందుకే డాక్టరుగారు నన్ను పిలిచి మరీ చెప్పారు. ఆయన హైదరాబాదాయన, సగం ఉర్దూ సగం తెలుగు.

"చూడమ్మా, ఈమె తల ఇటు గాని అటు గాని తిరగొద్దు. దగ్గద్దు, తుమ్మద్దు, ఏడ్వద్దు, నవ్వద్దు. నమిలే తిండి పెట్టద్దు, జావ పొయ్యి. కుట్టు బాల్ అంత, వెంట్రుక అంత సన్నగుంటది, సమఝయిందా? ఒక్క తుమ్ముకు ఖతం."

తలకి రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. రెండు కళ్ళకీ కట్టు కట్టారు. ఒక కన్ను కదిలితే రెండోదీ కదులుతుందట. పక్కన స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టారు.

మొదటి పూటే మొదలుపెట్టింది.

"ఎవరున్నారు అక్కడ?"

"నేను మేడమ్. ఆయాని."

"టేప్ రికార్డర్ ఎక్కడుంది?"

ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడేది, నాది ఆసుపత్రి ఇంగ్లీషు. ఎలాగో కుదిరింది. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను, లేకపోతే నా ఇంగ్లీషుకి మీరు నవ్వుతారు. నవ్వకూడని కథ ఇది.

టేప్ రికార్డర్ సంగతేమిటంటే, ఆపరేషన్‌కి ముందు, ఆ ఉన్న కాస్త చూపుతో ఆవిడ తన దగ్గరున్న కాగితాలన్నీ ఒక్కొక్కటీ పైకి చదివి క్యాసెట్లలో ఎక్కించుకుంది. కాగితం ఎక్కడ చిరిగింది, ఏ అక్షరం చెరిగింది, ముందు గ్రీకులో, తర్వాత ఇంగ్లీషులో. కన్ను రాకపోతే ఇక ఫోటోలు ఎందుకూ పనికిరావు కదా. ఈ క్యాసెట్లే మిగులుతాయి. అది విన్నప్పుడు మాత్రం నాకు గుండెలో కలుక్కుమంది. తర్వాత ఆవిడ నన్ను పెట్టిన తిప్పలకి ఆ కలుక్కు కాస్తా పోయింది.

"మూడో క్యాసెట్ పెట్టు. కాదు, అది కాదు. వెనక్కి తిప్పు. ఇంకా వెనక్కి. మరీ అంత వెనక్కి కాదు."

"మేడమ్, మీరు తల తిప్పుతున్నారు."

"తిప్పడం లేదు."

"ఇసుక సంచీ జరిగింది. దానికదే నడిచిందా మరి?"

ఎవరివా కాగితాలు, రాజులవా అని ఓసారి అడిగాను. కాదంది. ఒకడి చేలో పక్కవాడి గొర్రెలు పడ్డాయని పెట్టుకున్న అర్జీ. ఊరు విడిచి వెళ్ళిన కొడుకు, మంచి దుప్పటి పంపమని తల్లికి రాసిన ఉత్తరం. పెళ్ళికి రాలేకపోతున్నానని ఇంకెవరో. ఇలాంటివి. ఎక్కడ దొరికాయి అంటే, ఊరి బయట చెత్తకుప్పల్లో అంది. అక్కడ వాన పడదు, ఇసుక కప్పేస్తే ఎన్నేళ్ళైనా అలాగే ఉంటాయట.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చెత్తకుప్పలో వాళ్ళు పారేసిన కాగితాల కోసం ఉన్న ఒక్క కన్నూ పోగొట్టుకుంటారా మేడమ్? వాళ్ళకే అక్కర్లేకపోయింది కదా!"

మూతి బిగించింది. నవ్వాపుకుంటోందని అర్థమై, లేచి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఇక నేను నోరెత్తకూడదన్నమాట. నాకు దానికంటే శిక్ష ఉంటుందా?

ఎంతసేపని ఉంటాను? మా చర్చిలో చిన్నప్పటినుంచీ విన్నాను, పసిబిడ్డనెత్తుకుని తల్లీ తండ్రీ రాజుకి భయపడి ఐగుప్తుకి పారిపోయిన సంగతి. ఆ రోజులవే కదా ఈ కాగితాలు. వాళ్ళ కబురేమైనా ఉందా అని అడిగాను. లేదంది. "కానీ వాళ్ళకి ఉల్లిపాయలు అమ్మినవాళ్ళు, గది అద్దెకిచ్చినవాళ్ళు, వాళ్ళలాంటి వాళ్ళే వీళ్ళంతా" అంది. ఆ ముక్కకి మాత్రం కాసేపు నాకు ఆ కాగితాల మీద గౌరవం కలిగింది. కాగితం ఎలా చేసేవారో కూడా చెప్పింది. ఏటి ఒడ్డున పెరిగే తుంగలాంటి మొక్క కాడని సన్నగా చీరి, నిలువొక వరస, అడ్డమొక వరస పరిచి అదిమేవారట. "మా వైపు తుంగతో చాపలు అల్లుతారు" అన్నాను. వెంటనే ఎలా అల్లుతారో చెప్పమని చేతులు పైకెత్తింది. చేతులు ఎత్తితే భుజం కదులుతుంది, భుజం కదిలితే తల కదులుతుంది. చేతులు రెండూ పట్టుకుని దుప్పటి కింద పెట్టాను.

ఇవి చాలవన్నట్టు పక్కగదిలో ఒక ముసలావిడ. కొండల మీది నుంచి తెచ్చారు. చూడ్డానికి వచ్చే చుట్టాలంతా మట్టి ధూపపు కుంపటి తెచ్చి సాంబ్రాణి వేసేవాళ్ళు. సాంబ్రాణికి పుట్టిల్లే ఆ ఊరు, వాళ్ళని ఏమని ఆపుతాం? పొగ సుళ్ళు తిరుగుతూ మా గుమ్మంలోకి వచ్చేది. నేను తువ్వాలుతో విసురుతూ, "లా, లా! మేడమ్ అచ్చూ! ఐన్ ఖలాస్!" అని వచ్చీరాని అరబ్బీలో, తుమ్మితే కన్ను పోతుందని నా కన్ను చూపించి చెప్పేదాన్ని. ఒకావిడ నా కన్నుకే ఏదో అయిందనుకుని, జాలిపడి కుంపటి నా మొహం దగ్గరికే తెచ్చింది. నేను తుమ్మాను.

అలా రోజులు నెట్టుకొస్తుంటే మధ్యలో దిగాడు కరీంనగరన్న, ఆ వైపు నుంచి వచ్చిన కూలీ. రైసూత్‌లో కంపెనీ సైట్‌లో ఇనపకడ్డీలు మీద పడి కాలు విరిగింది. మగవాళ్ళ వార్డులో కాలికి సిమెంటు కట్టు. కొంచెం నడవగలుగుతున్నాక చంకకర్రలతో వచ్చి మా వరండాలో కూర్చునేవాడు. తెలుగు మాట వినపడితే చాలు అతనికి.

ఆ రోజుల్లో సైట్లలో పనిచేసేవాళ్ళు ఉత్తరాలకంటే క్యాసెట్లు ఎక్కువ పంపేవాళ్ళు. రాయడం రానివాళ్ళకి అదే సుఖం. ఇక్కడ మాట్లాడి, సెలవు మీద పోయేవాడి చేతికిస్తే, ఇంట్లోవాళ్ళు విని, అదే క్యాసెట్ మీద వాళ్ళ మాట ఎక్కించి, వచ్చేవాడి చేతికిస్తారు. మళ్ళీ దాని మీదే వీళ్ళు. ఒక్క క్యాసెట్ అరిగిపోయేదాకా సముద్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

"చెల్లె, మీ మేడమ్ మిషిని ఒక గంట ఇస్తదా? మా రూమ్‌ల దోస్తు ఇంటికి పోతున్నడు. అమ్మకు కాలు సంగతి చెప్పాలె" అన్నాడు.

మేడమ్‌ని అడిగితే సరేనంది. అదే మొట్టమొదటిసారి ఆవిడ నాతో ఒక్కమాటకే సరేననడం. ఆవిడ నిద్రపోయాక మిషన్ వరండాలో పెట్టి వచ్చాను. కాసేపటికి వార్డుబాయ్ తెచ్చి లోపల పెట్టాడు. అన్నని ఎక్స్‌రేకి తీసుకెళ్ళారట.

సాయంత్రం మేడమ్‌కి మెలకువ వచ్చింది. "పొద్దున్న సగంలో ఆపాం కదా, అలెగ్జాండ్రియా వెళ్ళిన కుర్రాడి ఉత్తరం. మొదటినుంచీ పెట్టు" అంది. క్యాసెట్ మిషన్‌లోనే ఉంది. వెనక్కి తిప్పి మీట నొక్కాను.

"అమ్మా... అమ్మా, నేను. ఇనవడ్తుందా? నేను మంచిగున్న. నువ్వెట్లున్నవ్? బాపు దమ్ము తక్కువైందా?"

నా ప్రాణం పోయింది. మీట మీద వేలు అలాగే ఉండిపోయింది.

"ఎవరది?" అంది మేడమ్.

"అది... మేడమ్... కాలు విరిగినతను. మీ క్యాసెట్ మీద..."

"నా ఉత్తరం మీద ఎక్కించాడా?"

"ఎక్కించాడు మేడమ్."

కట్టు కింద మొహం తెల్లగా అయిపోయింది. ఏడవకూడదు మేడమ్, ఏడవకండి మేడమ్ అని నేనే ఏడుపు గొంతుతో అంటున్నాను. అన్న గొంతు మాత్రం ఆగకుండా పోతోంది. తర్వాత, "ఏమంటున్నాడు?" అంది.

"ఎందుకు మేడమ్ ఇప్పుడు, ఆపేస్తాను."

"ఆపకు. చెప్పు."

తప్పుతుందా? చెప్పడం మొదలుపెట్టాను.

"మూడు క్యాసెట్లు పంపిన, ఒక్కదానికన్న జవాబు లేకపాయె. నన్ను మొత్తమే మర్సిన్రా ఏంది? నేనేం పాపం జేసిన?"

"మూడు పంపాను, ఒక్కదానికీ జవాబు లేదు, మర్చిపోయారా అంటున్నాడు మేడమ్."

మేడమ్ పెదవులు కదిలాయి.

"కాలుకు జర తాకింది. ఫికర్ చెయ్యకుండ్రి. ఆ పక్కింటోని మేకలు మన చేన్ల వడ్తున్నయట గద, పటేలుకు చెప్పుండ్రి. ఊకె ఊకుంటె నెత్తికెక్కుతడు వాడు."

"కాలికి కాస్త తగిలింది, దిగులుపడొద్దంటున్నాడు. అబద్ధం మేడమ్, రెండు చోట్ల విరిగింది. పక్కింటివాడి మేకలు వీళ్ళ చేలో పడుతున్నాయట, ఊరి పెద్దకి చెప్పమంటున్నాడు."

"మేకలా?"

"మేకలే."

"ఇంకా?"

"నా నీలం స్వెట్టరు పంపుండ్రి. ఈడ తుంపరకు చలి వెడ్తుంది. తమ్మునికియ్యకుండ్రి, వాడు సాగదీస్తడు."

అది చెప్పానో లేదో, మంచం కదలడం మొదలైంది. ముందు ఏడుస్తోందనుకున్నాను. కాదు. నవ్వు. లోపల్నుంచి తన్నుకొస్తున్న నవ్వు. భుజాలు ఎగురుతున్నాయి, ఇసుక సంచీ ఒకటి జారి కింద పడింది. నేను మంచం మీదికి ఎక్కేసి ఆవిడ తల రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"నవ్వకమ్మా! నీకు దణ్ణం పెడతాను నవ్వకు! కన్ను పోతుంది, వింటున్నావా? నోర్మూసుకుని పడుకో!"

మేడమ్ అని గానీ, మీరు అని గానీ అనలేదు. తెలుగులోనే తిట్టాను. ఆవిడకి ఎంత అర్థమైందో, నవ్వు మెల్లగా ఆగింది. ఆయాసపడుతూ, "ఒక ఉత్తరం చెరిపి, దాని మీద మళ్ళీ అదే ఉత్తరం రాశాడు" అంది. అలెగ్జాండ్రియా కుర్రాడూ దుప్పటి అడిగాడట, జవాబు లేదని వాడూ అలిగాడట. నాకు ఆ పోలికలు వినే ఓపిక లేదు. కట్టు అంచున తడి కనబడుతోంది. అది కన్నీరో ఇంకేమిటో నాకు తెలియదు.

డాక్టరుగారు వచ్చారు. కట్టు కొంచెం ఎత్తి టార్చి వేసి చూశారు. మళ్ళీ కట్టి, నన్ను బయటికి రమ్మన్నారు.

"నవ్వద్దని చెప్పిన్నా లేదా? కంట్ల ఖూన్, రక్తం కనవడ్తుంది. కుట్టయితే ఉన్నట్టే ఉంది. ఖూన్ కరిగితే సరే. లేకుంటే నాతోని గాదు."

అక్క డ్యూటీ దిగి వచ్చి, అందరి ఎదుటా దులిపేసింది. "నిన్ను కూర్చోబెట్టింది దేనికే? కబుర్లు చెప్పడానికా? ఆ మిషన్ ఎవడికో ఇచ్చి రమ్మని ఎవరు చెప్పారు నీకు?" మేడమే సరేనందని చెప్తే, "మేడమ్‌కి కళ్ళు లేవు, నీకున్నాయి కదే!" అంది.

ఆ కోపమంతా తీసుకెళ్ళి వరండాలో అన్న మీద కుమ్మరించాను. "కొత్త క్యాసెట్ పెట్టుకోవాలని తెలీదా అన్నా? అందులో ఆవిడ మాట ఉందని వినలేదా?"

"ఇన్నా చెల్లె. ఇంగిలీసుల ఏందో చెప్తుండె. మేడమ్ పొద్దున ఇనుడు అయిపోయింది గదా అనుకున్న. ఇన్నంక దాంతోని ఇంకేం పని? మా రూమ్‌ల గంతే. ఇన్నమంటె, గా క్యాసెట్ ఖాళీ అయినట్టే." అని చంకకర్ర సర్దుకుంటూ, "ఆమె ఎవరికి పంపనీకె చెప్పుకుంది?" అన్నాడు.

"ఎవరికీ కాదు. తనకే."

"తనకు తానే క్యాసెట్ చెప్పుకుంటదా?" అన్నాడు. అతని మొహంలో నిజంగా ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు. కన్ను సంగతి చెప్పాక మాత్రం చంకకర్రలు పక్కన పెట్టేసి తల వంచుకుని కూర్చున్నాడు. ఎవరితో పోట్లాడను నేను?

ఆ తర్వాత మేడమ్ మారిపోయింది. నేనన్ని రోజులు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినట్టే పడుకుంది. తల కదపదు. చెయ్యి ఎత్తదు. జావ పోస్తే తాగుతుంది. క్యాసెట్ అడగదు. సాయంత్రం భర్త వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చుంటే వేళ్ళు కూడా బిగించదు. ఇదేగా నాకు కావలసింది? కానీ స్టూలు మీద కూర్చోలేకపోయాను. లేచి మంచినీళ్ళ జగ్గు తోమాను. తోమిందే మళ్ళీ తోమాను.

"నాలుగో క్యాసెట్ పెట్టనా మేడమ్? గొర్రెల అర్జీ?"

"వద్దు."

"పోనీ తుంగ చాప ఎలా అల్లుతారో చెప్పనా?"

ఆవిడ వద్దనకముందే చెప్పేశాను. తుంగ కోసి ఎండబెట్టడం, మగ్గానికి పురికొసతో పడుగు కట్టడం, మా పిన్ని చేతివేగం, చాప మీద కొత్తలో వచ్చే పచ్చి వాసన, అన్నీ. మధ్యలో నవ్వొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. నవ్వులేకుండా మా పిన్ని గురించి మాట్లాడటం ఎంత కష్టమో నాకే తెలుసు. చెప్పడం అయ్యాక, ఉందో లేదో అన్నంత గొంతుతో, "పడుగు అంటే ఏది, నిలువుదా?" అంది. నిలువుదే అన్నాను. అంతే ఆవేళ్టికి.

కట్టు విప్పే రోజు గదిలో కిటికీకి దుప్పటి కట్టారు. డాక్టరుగారు, అక్క, భర్త, నేను. గుమ్మం బయట చంకకర్రల చప్పుడు. పంపించెయ్యమంది అక్క. నాకు వినపడనట్టు నిలబడ్డాను.

కట్టు తీశారు. రెప్పలు అంటుకుపోయి ఉంటే దూది తడిపి తుడిచారు. డాక్టరుగారు టార్చి వేసి చాలాసేపు చూశారు. "కరిగింది" అన్నారు. అప్పుడు ఒక మందపాటి అద్దం ఆ కన్ను ముందు పట్టుకుని, తన వేళ్ళు చూపించారు.

"రెండు" అంది మేడమ్.

మళ్ళీ చూపించారు. "నాలుగు. గోళ్ళు కత్తిరించుకోవాలి మీరు."

భర్త కుర్చీలో కూలబడ్డాడు. అక్క, స్తోత్రం స్తోత్రం అని గొణుగుతోంది. మేడమ్ తల నెమ్మదిగా నా వైపు తిప్పింది. అలవాటు కొద్దీ "తల తిప్పొద్దు!" అని అరిచాను.

ఆవిడ అద్దంలోంచి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వా? ఇన్నాళ్ళూ నన్ను తిట్టింది నువ్వా? యాభై ఏళ్ళ మనిషివనుకున్నాను."

బయట వరండాలోంచి, "చెల్లె, ఏమాయె? కనవడ్తుందా?" అని అన్న గొంతు. కనబడుతోందని చెప్తే, "మరి ఆ క్యాసెట్ నేను ఇంటికి పంపద్దా? ఆమె దగ్గర్నే ఉంటదా?" అన్నాడు పాపం. దోస్తు విమానం ఎక్కబోతున్నా, మా దగ్గరే ఉన్న దాన్ని అప్పటిదాకా అడగకుండా ఆగాడు. ఆవిడకి చెప్పాను. పంపించెయ్యమంది. తల్లి ఎదురుచూస్తూంటుందంది. మరి మీ ఉత్తరమో మేడమ్ అన్నాను.

"మంచం కింద, ఎడమ చేతి వైపు ట్రంకుపెట్టెలో, అడుగున ఉంటుంది దాని ఫోటో. తీసుకురా."

"డాక్టరుగారు ఇంకా నెలన్నర చదవకూడదన్నారు!"

"చదవను. ఊరికే పక్కన పెట్టుకుంటాను."

పక్కన పెట్టుకుంటుందట! చెత్తకుప్పలో దొరికిన ఆ కుర్రాడి దుప్పటి గొడవ, ఎవడో చెరిపేసినదాన్ని, ఉన్న ఆ ఒక్క కన్నుతో మళ్ళీ మొదటినుంచీ చదవడానికి. నేను కదల్లేదు. చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడేమో అప్పుడే మంచం పక్క భూతద్దం కోసం తడుముతోంది.